బ్యాక్టీరియా చచ్చినా ఊపిరితిత్తుల్లో వాపు ఎందుకు ఆగదు? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు శాశ్వతంగా సాగి వెడల్పవడం), సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల గాలి దారులు ఇరుకై వచ్చే దీర్ఘకాలిక జబ్బు), టీబీ తర్వాత మిగిలిపోయిన ఆయాసం, నెలల తరబడి వదలని కఫం దగ్గు: వీటితో వేగుతున్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ పదేపదే అడిగే ప్రశ్నలివి. ఇక్కడ చదివినదాన్ని బట్టి ఏ మందూ సొంతంగా మొదలుపెట్టొద్దు, వాడుతున్నది ఆపొద్దు. డాక్టరు చెప్పేది ఇంకాస్త బాగా అర్థం కావడానికే ఇదంతా.

యాంటీబయోటిక్ కోర్సు పూర్తయింది, కఫం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. అయినా దగ్గూ కఫమూ ఎందుకు తగ్గడం లేదు?

కల్చర్ పరీక్ష చెప్పేది ఒక్కటే: ఆ నమూనాలో, ఆ ల్యాబ్ పరిస్థితుల్లో పెరగగలిగిన బ్యాక్టీరియా ఉందా లేదా అని. చచ్చిన బ్యాక్టీరియా శకలాలు అందులో పెరగవు కాబట్టి కనిపించవు. కానీ మన రోగనిరోధక వ్యవస్థ చూసేది బ్యాక్టీరియా బతికుందా చచ్చిందా అని కాదు. దాని పైపొర ముక్క, గోడ ముక్క, తోక ముక్క, డీఎన్‌ఏ ముక్క తగిలితే చాలు, శత్రువు వచ్చినట్టే లెక్క. సూక్ష్మజీవిని చంపడం ఒక పని, దాని శిథిలాలను ఊపిరితిత్తుల్లోంచి బయటికి పంపడం ఇంకో పని. మందు మొదటిది చేస్తుంది. రెండోది శ్వాసనాళాలు చేసుకోవాలి. అవి దెబ్బతిని ఉంటే ఆ పని సాగదు.

కల్చర్‌కు దొరక్కుండా బయోఫిల్మ్ అనే జిగురు పొరలో దాక్కున్న బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. కాబట్టి రిపోర్టులో ఏమీ రానంత మాత్రాన లోపల అంతా సద్దుమణిగిందనుకోకూడదు.

అసలు ఆ ముక్కలు ఏవి?

ముఖ్యమైనవి చెబుతాను. ల్యాబ్‌లో వేసే గ్రామ్ రంగు నిలవని గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలీశాకరైడ్, దీన్నే ఎండోటాక్సిన్ అంటారు. ఆ రంగు నిలిచే గ్రామ్ పాజిటివ్ వాటిలో లిపోటీకాయిక్ ఆమ్లం. దాదాపు అన్ని బ్యాక్టీరియాల గోడల్లో ఉండే పెప్టిడోగ్లైకాన్. ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెలిన్ అనే ప్రోటీన్. పొరలకు అతుక్కుని ఉండే లిపోప్రోటీన్లు. బ్యాక్టీరియా డీఎన్‌ఏ. టీబీ బ్యాక్టీరియా గోడలో ప్రత్యేకంగా ఉండే మైనపు లాంటి కొవ్వులు. వీటికి తోడు, బతికున్న బ్యాక్టీరియా తన పొరను చిన్న చిన్న బుడగలుగా తుంచి చుట్టూ వదులుతూ ఉంటుంది. ఆ బుడగలు సజీవం కావు, కానీ పైన చెప్పిన సరుకులో చాలావరకు మోసుకెళతాయి.

అన్నిట్లోకీ ఎండోటాక్సిన్ పేరే ఎక్కువ వినిపిస్తుంది. ఎందుకు?

అతి తక్కువ మోతాదుకే అతి పెద్ద స్పందన తెస్తుంది గనక. ఒక్క ఈ.కోలై కణం మీదే సుమారు 10 లక్షల ఎండోటాక్సిన్ అణువులుంటాయి. రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1892 ప్రాంతంలో కలరా బ్యాక్టీరియా మీద పనిచేస్తూ, వేడిచేసి చంపిన బ్యాక్టీరియా కూడా జంతువులను జబ్బుపడేలా చేయడం గమనించి దీనికా పేరు పెట్టాడు. శరీరం దాన్ని ఎలా పసిగడుతుందన్నది తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఈగల్లో టోల్ అనే జన్యువు బూజుల నుంచి కాపాడుతుందని యూల్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపింది. ఎండోటాక్సిన్‌కు చలించని ఒక ఎలుకల జాతిలో, ఈ టోల్‌ను పోలిన టీఎల్ఆర్4 అనే గ్రాహకం (కణం మీద ఉండి పసిగట్టే ప్రోటీన్) చెడిపోయి ఉందని బ్రూస్ బాయిట్లర్ బృందం 1998లో కనిపెట్టింది. వీళ్లిద్దరికీ, రాల్ఫ్ స్టైన్‌మన్‌కూ కలిపి 2011లో నోబెల్ వచ్చింది.

ఎండోటాక్సిన్లన్నీ ఒకే తీరు కాదు. దాని వేరులాంటి భాగం లిపిడ్ ఎ. అందులో 6 కొవ్వు గొలుసులుంటే మన టీఎల్ఆర్4 గట్టిగా స్పందిస్తుంది, 4 లేదా 5 ఉంటే చాలా మందకొడిగా. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లోనూ కనిపించే ప్రెవొటెల్లా రకాలవి ఇలాంటి మెతక ఎండోటాక్సిన్లే. ఏ బ్యాక్టీరియా ఉందన్నది ఎంత ఉందన్న దానికన్నా ముఖ్యమవడానికి ఇదొక కారణం.

అంటే ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో కూడా బ్యాక్టీరియా ఉంటుందా?

ఉంటుంది, కొద్దిగా. ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులే ఉండవన్న పాత పాఠం ఇప్పుడు చెల్లదు. రోజుకు 10,000 లీటర్ల దాకా గాలి పీలుస్తాం, నోటి తుంపర నిద్రలో కాస్త కిందికి జారుతుంది. వస్తూ ఉంటాయి, శుభ్రమవుతూ ఉంటాయి.

ముక్క తగిలిన క్షణం నుంచి లోపల ఏం జరుగుతుంది?

ఒక చిన్న శ్వాసనాళం గోడ దగ్గరికి వెళ్లి చూద్దాం. ఎండోటాక్సిన్ అణువు ఒకటి కఫం పొరలోకి దిగింది. ఎల్‌బీపీ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని సీడీ14కు, సీడీ14 ఎండీ-2 జతగా ఉన్న టీఎల్ఆర్4కు అందిస్తుంది. రెండు టీఎల్ఆర్4లు దగ్గరికి చేరి జతకడతాయి. కణం లోపల ఎన్ఎఫ్-కప్పాబి అనే స్విచ్ పడుతుంది. ఆ కణం ఇంటర్‌ల్యూకిన్-8, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, 6 లాంటి సంకేతాలను తయారుచేసి వదలడం మొదలుపెడుతుంది. ఫ్లాజెలిన్ అయితే టీఎల్ఆర్5 ద్వారా, లిపోప్రోటీన్ అయితే టీఎల్ఆర్2 ద్వారా, పెప్టిడోగ్లైకాన్ తునకలైతే కణం లోపలుండే నాడ్1, నాడ్2 ద్వారా దాదాపు ఇదే కథ నడుస్తుంది.

ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపుకు రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ గోడ దాటి వస్తాయి. ఇవి తెల్ల రక్తకణాల్లో తొలి వరస. బ్యాక్టీరియాను మింగుతాయి, ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను చిమ్ముతాయి, చచ్చేటప్పుడు కొన్ని తమ డీఎన్‌ఏనే వలలా పరుస్తాయి. నిమోనియా లాంటి అప్పటికప్పుడు వచ్చిన ఇన్‌ఫెక్షన్‌లో ఇదే మనల్ని బతికిస్తుంది. పని అయ్యాక న్యూట్రోఫిల్స్ చచ్చిపోతాయి, మాక్రోఫేజ్‌లు అనే మింగే కణాలు వాటిని తినేస్తాయి, వాపు తీస్తుంది.

దీర్ఘకాలిక జబ్బులో ఆ చివరి ఘట్టం రాదు. ముక్కలు వస్తూనే ఉంటాయి, న్యూట్రోఫిల్స్ దిగుతూనే ఉంటాయి. ఎలాస్టేజ్‌కు బ్యాక్టీరియాకూ ఊపిరితిత్తి గోడకూ తేడా తెలియదు. గోడకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్‌ను కోస్తుంది, కఫం గ్రంథులను రెచ్చగొడుతుంది, కఫాన్ని పైకి తోసే సీలియా అనే సన్నని వెంట్రుకలను మందగింపజేస్తుంది. బ్యాక్టీరియాను మింగడానికి న్యూట్రోఫిల్స్‌కు అవసరమైన గ్రాహకాలనూ, యాంటీబాడీలనూ కూడా తెగ్గొడుతుంది. తన సైన్యం ఆయుధాలను తనే విరగ్గొట్టుకున్నట్టన్నమాట. ఇంకో దారుణం: ఎంజైమ్‌ల దాడికి గోడలోని కొల్లాజెన్ విరిగినప్పుడు ప్రోలిన్-గ్లైసిన్-ప్రోలిన్ అనే చిన్న తునక రాలుతుంది. అది కూడా న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తుంది. అంటే ఒక దశ దాటాక బ్యాక్టీరియా ముక్కలే అక్కర్లేదు, మన సొంత గోడ పెచ్చులే మంటను నడిపిస్తాయి.

దెబ్బతిన్న గోడలో కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్లీ మొదటికి. బ్రాంకియెక్టాసిస్‌ను వివరిస్తూ 1986లో పీటర్ కోల్ ప్రతిపాదించిన విషవలయం ఇదే. ఈ వలయంలో ఏ ఒక్క మెట్టునో పట్టుకుని మొత్తం జబ్బును దించేయగలమనుకోవడం దగ్గరే చాలా చికిత్సలు బోల్తాపడ్డాయని నా అభిప్రాయం.

కఫం పచ్చగా ఉంటే బ్యాక్టీరియా ఉన్నట్టేనా?

ఆ పచ్చదనం చాలావరకు బ్యాక్టీరియాది కాదు, మనదే. న్యూట్రోఫిల్స్‌లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని రంగే ఆకుపచ్చ. కఫం ఎంత చిక్కటి పచ్చగా ఉంటే అంత ఎక్కువ న్యూట్రోఫిల్స్ అక్కడ చేరి పగిలాయన్నమాట. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో తిష్ఠవేసే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు నీలం, పచ్చ కలిసిన పయోసయనిన్ అనే సొంత రంగు ఉంది గానీ, కఫం పచ్చబడడానికి సాధారణంగా అది కారణం కాదు. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లు తమ మామూలు కఫం రంగు గుర్తుపెట్టుకుని, అది ముదిరినప్పుడు, పరిమాణం పెరిగినప్పుడు డాక్టరుకు చెబితే అది పనికొచ్చే సమాచారం. మామూలు జలుబులో రెండ్రోజులు పచ్చగా వచ్చిందని యాంటీబయోటిక్ కొనేయడం మాత్రం వద్దు.

అందరం అవే ముక్కలు పీలుస్తున్నాం కదా, కొందరికే ఎందుకు ముదురుతుంది?

శుభ్రం చేసుకునే శక్తిలో తేడా వల్ల. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో సీఎఫ్‌టీఆర్ జన్యువు లోపం వల్ల కఫం ఎండి జిగురెక్కుతుంది. సీలియా పుట్టుకతోనే కదలనివాళ్లున్నారు. పాత టీబీ మచ్చ వల్ల నాళం వంకరపోయి ఉండొచ్చు. యాంటీబాడీలు తక్కువ ఉండొచ్చు. కొందరిలో ఎలాస్టేజ్‌కు కళ్లెం వేసే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీనే జన్యుపరంగా తక్కువ. దీన్ని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ గుర్తించారు. వీళ్లకు చిన్న వయసులోనే ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు చెడిపోవడం) వస్తుంది.

సిగరెట్ పాత్ర ఎంత?

గోరుచుట్టుపై రోకటిపోటు. పొగాకు ఆకు మీద పెరిగిన బ్యాక్టీరియా వల్ల సిగరెట్ పొగలోనే ఎండోటాక్సిన్ ఉంటుంది. పొగ సీలియాను కుంటుపరుస్తుంది. పైగా ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌లో కీలకమైన చోట మెథయోనిన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని ఆక్సీకరించి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. దాడిని పెంచి, ఊడ్చేవాణ్ని ఆపి, కళ్లెం తెంపే పని మూడూ ఒక్కటే చేస్తోంది. మానేశాక కూడా సీఓపీడీలో వాపు పూర్తిగా పోదు, కానీ ఊపిరితిత్తుల సామర్థ్యం పడిపోయే వేగం తగ్గుతుంది.

సూడోమోనాస్ వచ్చిందంటే డాక్టర్లు ఎందుకంత సీరియస్ అవుతారు?

అది కాపురం పెట్టే పద్ధతి వల్ల. మొదట్లో తోకతో ఈదుతూ వస్తుంది. స్థిరపడ్డాక తోక వదిలేస్తుంది. ఫ్లాజెలిన్ లేకపోతే టీఎల్ఆర్5కు కనిపించదు, మింగే కణాలకూ అంత తేలిగ్గా చిక్కదు. ఆల్జినేట్ అనే జిగురు కప్పుకుని బయోఫిల్మ్‌లో కూర్చుంటుంది. కానీ మొత్తంగా నిశ్శబ్దం కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో పెరిగినప్పుడు అది తన లిపిడ్ ఎకు అదనపు కొవ్వు గొలుసు చేర్చుకుంటుంది. దానివల్ల కొన్ని రకాల యాంటీబయోటిక్ లాంటి పెప్టైడ్‌లను తట్టుకుంటుంది, అదే సమయంలో మన టీఎల్ఆర్4ను మరింత రెచ్చగొడుతుంది. ఒక చేత్తో దాక్కుంటూ ఇంకో చేత్తో గిల్లుతుంది. అందుకే తొలిసారి కల్చర్‌లో కనిపించగానే దాన్ని తుడిచిపెట్టాలని గట్టిగా మందులిస్తారు. పాతుకుపోయాక తీయడం చాలా కష్టం.

సీఓపీడీలో ఏ బ్యాక్టీరియా?

ఎక్కువగా క్యాప్సూల్ లేని హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజీ, ఆ తర్వాత మొరాక్సెల్లా, న్యుమోకాకస్. హీమోఫిలస్‌ది పొట్టి రకం ఎండోటాక్సిన్, దాంతోపాటు పీ6 అనే లిపోప్రోటీన్ టీఎల్ఆర్2ను తడుతుంది. ఒక విషయం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది: జబ్బు ఉన్నట్టుండి ముదరడం చాలాసార్లు బ్యాక్టీరియా సంఖ్య పెరిగినందుకు కాదు, అదే జాతిలో కొత్త స్ట్రెయిన్ (ఉపరకం) వచ్చినందుకు. పాతదానికి శరీరం కొంత అలవాటుపడి ఉంటుంది, కొత్తదానికి ఆ అలవాటు ఉండదు.

టీబీ పూర్తిగా నయమైందన్నారు. మరి ఈ ఆయాసం?

టీబీ బ్యాక్టీరియా గోడలోని ట్రెహలోజ్ డైమైకోలేట్ (పాత పేరు కార్డ్ ఫ్యాక్టర్), లిపోఅరాబినోమానన్ లాంటివి మాక్రోఫేజ్‌లను కూడగట్టి గ్రాన్యులోమా అనే గడ్డలు కట్టిస్తాయి. ట్రెహలోజ్ డైమైకోలేట్ ఒక్కదాన్నే నూనెలో కలిపి ఇచ్చినా ఎలుకల్లో గ్రాన్యులోమాలు వస్తాయి, బతికున్న బ్యాక్టీరియా అక్కర్లేదు. ఈ పోరులో విడుదలయ్యే ఎంజైమ్‌లు కొల్లాజెన్‌ను కరిగించి గుహల్లాంటి ఖాళీలు చేస్తాయి, మానేటప్పుడు మచ్చకట్టి నాళాలు లాగుకుపోతాయి. మందులు బ్యాక్టీరియాను తీసేశాయి, ఆకారం చెడిన నాళం అలాగే మిగిలింది. అందులో కఫం నిలిచి ఇతర బ్యాక్టీరియాలు చేరితే పైన చెప్పిన వలయం మొదలవుతుంది. అలాగని ఆయాసం పెరిగిన ప్రతిసారీ టీబీ తిరగబెట్టిందని మందులు మళ్లీ మొదలుపెట్టడం సరికాదు. కఫం పరీక్ష చేయించి, అవసరమైతే స్కాన్, ఊపిరి ఊదే శక్తిని కొలిచే స్పైరోమెట్రీ చూశాకే ఏదైనా.

ఇన్‌ఫెక్షన్ లేకుండా, ముక్కలు పీల్చడం వల్లే జబ్బు వస్తుందా?

వస్తుంది. ఈ విషయానికి ఇంతకన్నా సూటి రుజువు లేదు. పచ్చి పత్తి దుమ్ములో పనిచేసేవాళ్లకు వచ్చే బిస్సినోసిస్‌లో, పత్తి మీది బ్యాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్‌ను ప్రధాన దోషుల్లో ఒకటిగా చెబుతారు. దాని తొలి గుర్తు విచిత్రంగా ఉంటుంది. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోతుంది, వారం గడిచేకొద్దీ తేలికవుతుంది. రోజూ తగులుతుంటే కణాలు ఎండోటాక్సిన్‌కు తాత్కాలికంగా మొద్దుబారతాయి, విరామం వస్తే ఆ మొద్దుబారడం పోతుంది. వారం చివరికి తగ్గింది కదా అని ఊరుకుంటే ఏళ్ల తర్వాత అది శాశ్వత ఆయాసంగా మారుతుంది. ధాన్యం, పందులు, కోళ్ల పెంపకం, కంపోస్టు పనుల్లోనూ ఇదే ముప్పు. పనిచోట 8 గంటల సగటుగా ఘనపు మీటరు గాలికి 90 ఎండోటాక్సిన్ యూనిట్లకు మించకూడదని నెదర్లాండ్స్ హెల్త్ కౌన్సిల్ 2010లో సిఫార్సు చేసింది.

మరి పశువుల మధ్య పెరిగిన పిల్లలకు ఆస్తమా తక్కువంటారే?

అదీ నిజమే, రెంటికీ వైరుధ్యం లేదు. అమెరికాలో అమిష్, హట్టరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాలను పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. వంశమూలాలు దగ్గరివే. అమిష్ వాళ్లది పశువులతో కలిసిమెలిసి సాగే పాత పద్ధతి సేద్యం, హట్టరైట్లది యంత్రాల సేద్యం. అమిష్ ఇళ్ల దుమ్ములో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ, వాళ్ల పిల్లల్లో ఆస్తమా మాత్రం 5.2 శాతమే. హట్టరైట్ పిల్లల్లో 21.3 శాతం.

పసితనంలో, తక్కువ మోతాదులో, రకరకాల సూక్ష్మజీవుల నుంచి అందితే రోగనిరోధక వ్యవస్థ అలర్జీ దారి పట్టకుండా నేర్చుకుంటుంది. పెద్దయ్యాక, ఎక్కువ మోతాదులో, మూసిన షెడ్డులో ఏళ్ల తరబడి పీలిస్తే నాళాలు చెడతాయి. ఇప్పటికే ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ దుమ్ము మందు కాదు, దాడిని రేపే కారణం. ఈ అధ్యయనం పేరు చెప్పి పిల్లల్ని దుమ్ములో వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లు రెండో సగం దాకా చదవనట్టే లెక్క.

ఈ ముక్కలు ఎంత ఉన్నాయో పరీక్షలో తెలుస్తుందా?

ఎండోటాక్సిన్‌ను కొలిచే పరీక్ష ఉంది. గుర్రపునాడా పీత రక్తకణాలు ఎండోటాక్సిన్ తగిలితే గడ్డకడతాయన్న దాని మీద అది నడుస్తుంది. సూదిమందుల శుద్ధిని, పనిచోటి దుమ్మును పరీక్షించడానికి వాడతారు. రోగికి రోజువారీ వైద్యంలో దాని అవసరం లేదు. సీటీ స్కాన్, కఫం కల్చర్, స్పైరోమెట్రీ, ఏడాదికి ఎన్నిసార్లు ముదిరిందన్న లెక్క: వీటితోనే నిర్ణయాలు తీసుకుంటారు.

వాపే సమస్య అయితే స్టిరాయిడ్లతో అణిచేయొచ్చు కదా?

ఆస్తమాలో ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాలు నడిపే వాపు స్టిరాయిడ్లకు బాగా లొంగుతుంది. బ్యాక్టీరియా ముక్కలు రేపే న్యూట్రోఫిల్ వాపు అంతగా లొంగదు. పైగా స్టిరాయిడ్లు న్యూట్రోఫిల్స్ ఆయుష్షును పెంచుతాయి. సీఓపీడీలో పీల్చే స్టిరాయిడ్లతో నిమోనియా ముప్పు కొంత పెరుగుతుంది కూడా. కాబట్టి ఎవరికి ఇవ్వాలో రక్తంలో ఇయోసినోఫిల్స్ సంఖ్య చూసి తేలుస్తారు.

వాపు మొదలయ్యే చోటే, టీఎల్ఆర్4నే మూసేస్తే?

ఆలోచన బాగుంది, ఫలితం రాలేదు. టీఎల్ఆర్4ను అడ్డుకునే ఎరిటోరాన్‌ను తీవ్రమైన సెప్సిస్‌లో (ఇన్‌ఫెక్షన్‌కు శరీరమంతా అదుపు తప్పి స్పందించే జబ్బు) పరీక్షించారు. మరణాలు తగ్గలేదని 2013లో తేలింది. అది వేరే జబ్బే, కానీ పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది: గుర్తుపట్టే దారులు చాలా ఉన్నాయి, ఒకటి మూస్తే ఇంకోటి తెరిచే ఉంటుంది. ఏళ్ల తరబడి మూసి ఉంచితే నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చిన రోజు పరిస్థితేమిటన్నది ఇంకో ప్రశ్న.

డాక్టర్ అజిత్రోమైసిన్ నెలల తరబడి రాశారు. పొరపాటున రాశారా?

కాదు. ఈ మందు తక్కువ మోతాదులో బ్యాక్టీరియాను చంపడంతోపాటు, ఇంటర్‌ల్యూకిన్-8 ఉత్పత్తిని తగ్గిస్తుంది, సూడోమోనాస్ కణాలు తమలో తాము కబురులాడుకునే వ్యవస్థను చెడగొడుతుంది. సీఓపీడీ రోగులు 1,142 మందిని తీసుకుని 2011లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకు 250 మిల్లీగ్రాములు ఏడాదిపాటు వాడినవాళ్లలో జబ్బు ముదిరే సగటు ఏడాదికి 1.48, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 1.83. మూల్యం కూడా ఉంది: కొందరికి వినికిడి తగ్గింది. గుండె లయ మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి ఈసీజీ, టీబీ జాతికి చెందిన ఇతర మైకోబ్యాక్టీరియా లేవని తేల్చే కఫం పరీక్ష ముందే చేయించాలి. అవి ఉండగా ఈ మందు ఒక్కటే ఇస్తే అవి దానికి లొంగకుండా తయారవుతాయి. మామూలు దగ్గుకు సొంతంగా వాడుకునే మందు కాదిది.

ఎలాస్టేజ్‌ను ఆపే మందు ఏమైనా వచ్చిందా?

వచ్చింది. బ్రెన్సోకాటిబ్ అనే మాత్ర ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ తయారవుతున్నప్పుడే ఎలాస్టేజ్ లాంటి ఎంజైమ్‌లు పదునెక్కకుండా ఆపుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో సంబంధం లేని బ్రాంకియెక్టాసిస్‌కు అమెరికాలో 2025 ఆగస్టులో అనుమతి దొరికింది. జబ్బు ముదిరే సందర్భాలు సుమారు అయిదో వంతు తగ్గాయి. ఇది బ్యాక్టీరియాను ముట్టుకోని మందు. విషవలయంలో మన వైపు మెట్టును పట్టుకున్న మొదటి మందుగా నాకిది ముఖ్యమనిపిస్తుంది. సర్వరోగ నివారిణి మాత్రం కాదు.

ఇవన్నీ సరే, నేను ఇంట్లో చేయగలిగింది?

కఫం బయటికి తీయడం. ఫిజియోథెరపిస్టు దగ్గర ఊపిరి పద్ధతులు ఒకసారి సరిగ్గా నేర్చుకుని, రోజూ చేయాలి. శిథిలాలు, చచ్చిన న్యూట్రోఫిల్స్, ఎలాస్టేజ్ అన్నీ ఒకేసారి బయటపడే మార్గం ఇదొక్కటే. ఖర్చులేని పని కాబట్టి దీన్ని చాలామంది చికిత్సగానే లెక్కచేయరు, మందుబిళ్ల మర్చిపోతే కంగారుపడేవాళ్లు కూడా దీన్ని వారాల తరబడి వదిలేస్తారు. చిక్కటి కఫాన్ని పల్చబరచడానికి డాక్టరు ఉప్పునీటి నెబ్యులైజేషన్ రాయొచ్చు. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వేయించుకోవాలి. కఫంలో రక్తం, పెరుగుతున్న ఆయాసం, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

నెబ్యులైజర్‌ను వేడినీళ్లలో మరిగిస్తే ఎండోటాక్సిన్ కూడా పోతుందా?

పోదు. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది. ఎండోటాక్సిన్‌ను పాడుచేయాలంటే గాజు పాత్రలను పొడి వేడిలో 250 డిగ్రీల దగ్గర 30 నిమిషాలుంచాలి, అది ప్లాస్టిక్ కప్పుతో అయ్యేది కాదు. కాబట్టి బ్యాక్టీరియా పెరగనివ్వకపోవడమే దారి. వాడిన ప్రతిసారీ మిగిలిన మందు పారబోసి, కప్పునూ మాస్కునూ కడిగి, తయారీదారు చెప్పినట్టు క్రిమిరహితం చేసి, పూర్తిగా ఆరబెట్టండి. గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫైయర్ ఉంటే అందులో నిన్నటి నీళ్లు ఈరోజు వాడొద్దు. అడుగున జారుడు పొర కనిపిస్తే దాన్ని రుద్ది తీసేదాకా ఆన్ చేయొద్దు.